లైనింగులో హాల్ టికెట్

నర్సమ్మ సంచి సర్దుకుంటోంది. న్యూస్‌పేపర్లో చుట్టిన రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, రెండు పెన్నులు, అవి రాయకపోతే ఇంకో పెన్ను. ఒక్కో వస్తువు లోపలికి వెళ్తుంటే, గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త గుండె ఒక్కో మెట్టు కిందికి దిగుతోంది. ఆయన దర్జీ.

"ఒక్క రోజు పరీక్షకి రెండు జతలెందుకే?"

"దర్జీ పెళ్లానికి రెండో జత లేదని నలుగురూ అనుకుంటే మీకేగా తలవంపులు!"

ఆ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే నర్సమ్మకి సముద్రం అవతల పెద్దాసుపత్రిలో ఐదేళ్ల నర్సు ఉద్యోగం. 'ఐదేళ్లు' అన్న మాట విన్న రోజున దర్జీ ఒక చొక్కాకి మూడు చేతులు కుట్టాడు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. ఇరవై ఏళ్ల కిందట ఆయన అన్నగారు, తమ్ముడు కుట్టిచ్చిన సంచి భుజాన వేసుకుని, "నెల్లో వచ్చేస్తానురా" అని వెళ్లాడు. సంచి ఎంత గట్టిగా ఉందోనని వీధంతా మెచ్చుకుంది. అన్నగారు మాత్రం మళ్లీ కనబడలేదు. అప్పట్నించి సంచి కుట్టించుకోవడానికి ఎవరొచ్చినా, "తిరిగి ఎప్పుడొస్తారు?" అని అడిగాకే దర్జీ టేపు తీస్తాడు.

ఈ పరీక్షలో ప్రశ్నలన్నీ ఆజ్ఞల్లా ఉంటాయి. ఎవాల్యుయేట్ అంటే మంచిచెడ్డలు తూచి చెప్పాలి. ఇల్లస్ట్రేట్ అంటే ఉదాహరణ చూపించాలి. సమ్మరైజ్ అంటే క్లుప్తంగా తేల్చాలి. ఇలాంటి క్రియాపదాలు నూట ఇరవై. నర్సమ్మ వాటిని అర్థాలతో సహా చీటీల మీద రాసుకుంది. ఆమె అడిగితే దర్జీ రెండు జేబుల గుడ్డ ఒకటి కుట్టి గోడకి తగిలించాడు. ఎడమ జేబులో రానివి, కుడి జేబులో వచ్చినవి. తన ఇంటికి తనే కన్నం కుట్టుకున్నానని ఆయనకి తర్వాత తెలిసింది.

అందుకని ఓ ఉపాయం పన్నాడు. ఆమె డ్యూటీకి వెళ్లగానే ఎడమ జేబులోంచి గడ్డు మాటలు ఏరి కుడి జేబులో వేసేవాడు. వచ్చేశాయనుకుని ఆమె చదవదు, పరీక్షలో తెల్లమొహం వేస్తుంది, హాయిగా ఇంట్లో ఉంటుంది. ఏవి గడ్డువో తెలియాలంటే అన్నీ చదవాలి కదా! చదివాడు. నెలా పదిహేను రోజులు చదివాడు. చొక్కా భుజం కలవలేదని ఒకాయన గొడవకొస్తే, "ఏ భుజమో స్పెసిఫై చేయండి" అని నాలిక కరుచుకున్నాడు.

తీరా చూస్తే నర్సమ్మ నూట ఇరవై మాటలూ గడగడా ఒప్పజెబుతోంది. ప్రయాణం రోజు పొద్దున సంచి లోపలి లైనింగు ఊడిందని ఆమె ఇస్తే, బాగుచేసే నెపంతో హాల్ టికెట్ లోపల పెట్టి కుట్టేశాడు.

"ఏమండీ! హాల్ టికెట్ కనబడ్డం లేదు!"

దర్జీ ఆమెకంటే ముందే వెతకడానికి పరిగెత్తాడు.

బీరువాలోవన్నీ బయటపడ్డాయి. పరుపు తిరగబడింది. పిండి డబ్బాలో చెయ్యి పెట్టిన దర్జీ మోచేతిదాకా తెల్లబడ్డాడు. స్టూలెక్కి ఫ్యాను రెక్కల మీద కూడా వెతికాడు. చివరికి నర్సమ్మ నేలమీద చతికిలబడి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె నోరు అలా మూతపడటం ఆయన చూడలేదు. ఆమె వెళ్లిపోతుందన్న భయం కంటే ఇది పెద్ద భయం. సంచి బోర్లించి, కత్తెర తీసుకుని లైనింగు పర్రున కోసేశాడు.

లోపల హాల్ టికెట్ లేదు. ఒక చీటీ ఉంది.

'జస్టిఫై: చేసిన పని ఎందుకు సరైనదో కారణాలతో చెప్పు.'

"చెప్పండి మరి," అంది నర్సమ్మ.

"నీకెలా తెలిసింది?"

"ఊడింది నాలుగు వేళ్ల మేర. మీరు కుట్టింది జానెడు. మీరు స్నానానికి వెళ్లినప్పుడు విప్పి మళ్లీ కుట్టాను. ఆస్పత్రి కుట్టుకీ మీ కుట్టుకీ తేడా తెలీలేదు, మీరేం దర్జీ!"

"మరి నాచేత ఫ్యాను మీద ఎందుకు వెతికించావ్?"

"ఎప్పుడు చెబుతారో చూద్దామని. కారణం?"

"నువ్వు తిరిగి రావు."

"సమ్మరైజ్ చేయమనలేదు, జస్టిఫై అన్నాను."

దర్జీ పిండి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "అన్నయ్య నెలే అన్నాడే. నువ్వు ఐదేళ్లంటున్నావు."

నర్సమ్మ తన కొంగుతో ఆయన మొహం మీది పిండి తుడిచింది.

"చీటీల సంగతీ తెలుసా?" అన్నాడాయన చిన్నగా.

"డ్యూటీ మారేటప్పుడు, ముందు నర్సు ఇచ్చేశానని టిక్కు పెట్టిన మందునే మేం మొదట సరిచూస్తాం. ఇంట్లోనూ అంతే, రోజూ ముందు కుడి జేబే తీసేదాన్ని. గడ్డువన్నీ ఏరి అందులో పెట్టారుగా, అవే బాగా వచ్చాయి. మీ చలవే."

దర్జీ నేలకేసి చూశాడు. అక్కడ న్యూస్‌పేపరు పొట్లం విడిపోయి ఉంది. ఒక జత ఆమెది. రెండోది ఆయన ఇస్త్రీ చొక్కా, ప్యాంటు. వాటి మడతలో రెండు హాల్ టికెట్లు.

"భర్త వెంట రావాలన్నా ఇదే పరీక్ష రాయాలిట. మీ పేరున కూడా నేనే ఫీజు కట్టాను. చదవండని చెబితే మీరు చదువుతారా? నన్ను ఆపడానికైనా చదువుతారనే జేబులు కుట్టమన్నాను. లేవండి, ఐదింటికి బస్సు. ముందు ఆ లైనింగు కుట్టండి."

ఇద్దరూ రాశారు. ఇద్దరూ గట్టెక్కారు. దర్జీకే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి, ఆ సంగతి ఆయన వీధిలో ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. జూన్‌లో ఇద్దరూ కలిసే వెళ్లారు.

ఐదేళ్లకి నర్సమ్మ అదే సంచితో తిరిగొచ్చింది. దర్జీ రాలేదు. మూడో ఏడు ఫిబ్రవరి తొమ్మిదిన, అక్కడే, కుట్టుమిషను ముందు కూర్చునే ప్రాణం వదిలాడు.