రెండు పొట్లాలు, ఒక ఇంజన్

మంగళవారం పొద్దున చిత్ర వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తలకు పోసుకోవాలి, మొగుడితో, అత్తతో కలిసి మారియమ్మ గుడికి పోవాలి, అమ్మవారిని ఒక్క మాట అడగాలి, ఇడ్లీల వేళకు ఇల్లు చేరాలి. ఆ ఒక్క మాటా వాళ్ల కుట్టియానై గురించి. కుట్టియానై అంటే ఏనుగు పిల్లేమీ కాదు, సరుకులు తోలే చిన్న బండి. రాజపాళయంలో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు. తళవాయిపురంలో ఎవరో వాడి వాడి వదిలించుకుంటుంటే చిత్ర మొగుడు అళగిరి ముచ్చటపడి కొన్నాడు. అది మొన్న నీలం పొగ కక్కి, నడిబజారులో నిలబడిపోయింది.

మెకానిక్ ఇసక్కిముత్తు చూసి రెండు దారులు చెప్పాడు. "సిలిండరుకు బోరు కొట్టించి రింగులు మారిస్తే ఈ ఇంజనే నడుస్తుంది అక్కా. లేదంటే మదురైలో యాక్సిడెంటు బండి ఇంజన్ ఒకటి ఉండాది, తెచ్చి ఎక్కించేద్దాం. ఏదైనా ఈ వారంలో ముగిస్తాను. సీక్రం చెప్పండి."

అక్కడ మొదలైంది రచ్చ. అళగిరి వేరే ఇంజన్ వేయిద్దామన్నాడు. చిత్ర ససేమిరా అంది. "యాక్సిడెంటు బండిది నాకొద్దు మామా! ఈ ఇంజన్‌తోనే నేను బండి తోలడం నేర్చుకొన్నాను. దాని దగ్గు కూడా నాకు తెలుసు." వచ్చే సోమవారం సేత్తూరు తోటలో మామిడికాయల కోత. ఈ ఏడు కాయంతా మీ బండికేనని తోట యజమాని సీతారామ రాజా మాటిచ్చాడు. సోమవారం పొద్దున బండి తోట ముందు నిలవకపోతే ఆ పని పోటీకి బండి తోలే మాడసామికి పోతుంది. ఇది ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరిలో ఒక్కరూ దిగిరాలేదు.

అత్త పాప్పమ్మాళ్‌కు విసుగొచ్చింది. "పూలు కట్టి అమ్మనే అడగండి" అని తేల్చేసింది. ఎర్ర గన్నేరు ఒక ఆకులో, తెల్ల నందివర్ధనం ఒక ఆకులో మడిచి, దారం చుట్టి అమ్మవారి పాదాల దగ్గర పెడతారు. పూజారి కళ్లు మూసుకుని ఒక పొట్లం తీస్తాడు. ఎర్రది వస్తే వేరే ఇంజన్, తెల్లది వస్తే పాతదానికి రిపేరు. పొట్లాలు నేనే కడతానని అళగిరి ముందుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్క పువ్వు తుంచి ఎరగని మనిషి అంత ఉత్సాహపడేసరికి చిత్రకు అనుమానం తగిలింది.

అళగిరి పళ్లు తోముకుంటుండగా ఆమె పూజ అలమరలోని పొట్లం విప్పి చూసింది. ఎర్రది. రెండోది విప్పింది. అదీ ఎర్రదే.

"అడ దొంగ మామా! అమ్మనే ఏమార్చేదానికి చూసినావా!" అని పళ్లు కొరికింది. పెరట్లోకి పోయి నందివర్ధనాలు కోసుకొచ్చింది. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు పెడితే న్యాయంగా ఉంటుందని ఆమెకు తోచకపోలేదు. తోచింది, తోసేసింది. రెండింట్లోనూ తెల్ల పువ్వే పెట్టి, ఎప్పట్లా దారం చుట్టి, హాయిగా స్నానానికి పోయింది.

మంగళవారం కనుక గుడి కిటకిటలాడుతోంది. పూజారి చొక్కలింగం కళ్లు మూసుకుని పొట్లం తీసి విప్పాడు. తెల్ల పువ్వు! చిత్ర ఏమీ ఎరగనట్టు చేతులు జోడించింది. అళగిరి మొహంలో నెత్తురు చుక్క లేదు. నిలువునా నేల మీద పడిపోయాడు.

"తల్లీ! తప్పయిపోయింది! నేను రెండిట్లోనూ ఎర్ర పువ్వే పెట్టినాను. నువ్వు తెల్లగా మార్చేసినావే!"

గుడంతా మారుమోగింది. "అమ్మ మహిమ! అమ్మ మహిమ!" అంటూ జనం అతన్ని లేవదీసి విభూతి పూశారు. చిత్ర నోరు తెరిచింది, జనాన్ని చూసింది, మూసుకుంది. చొక్కలింగం రెండో పొట్లాన్ని పసుపు గుడ్డలో కట్టి, "దీన్ని విప్పకూడదు. బండికి కట్టండి" అన్నాడు.

మధ్యాహ్నానికి వీధి నిండింది. సాయంత్రానికి మంసాపురం నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. బండికి పసుపు పూశారు, స్టీరింగుకు వేపాకు చుట్టారు. ఒకావిడ తప్పిపోయిన కోడి ఎక్కడుందో చెప్పమని బానెట్టుకు చెవి ఆనించి నిలబడింది. పాప్పమ్మాళ్ కుర్చీ వేయించుకుని దర్జాగా కుంకుమ పంచింది. అళగిరి పచ్చ పంచె కట్టి వచ్చినవాళ్లందరికీ కథ చెప్పాడు. పొద్దున అతని కథలో పువ్వు మాత్రమే మారింది, చీకటి పడేసరికి గజ్జెల చప్పుడు కూడా వినిపించింది.

పోనీలే, రిపేరైతే చాలనుకుంది చిత్ర. బుధవారం పొద్దున ఇసక్కిముత్తును పిలిపించింది. అతను గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఖాళీ చేతులతో లోపలికొచ్చాడు.

"స్పానర్లు ఏవి తమ్ముడూ?"

"అమ్మ ఉండే ఇంజన్ని విప్పమంటారా అక్కా? నాకు చిన్న బిడ్డలు ఉండారు!"

"విప్పే పనే లేదు" అన్నాడు అళగిరి. "కర్పూరం చూపిస్తే తానే స్టార్టవుతుంది." గుడి నుంచి వచ్చిన చొక్కలింగం హారతి ఇచ్చాడు, అళగిరి తాళం తిప్పాడు. ఇంజన్ కళ్లె వచ్చినట్టు దగ్గి, వీధంతా నీలం పొగ కమ్మేసి, ఆగిపోయింది. "సాంబ్రాణి! సాంబ్రాణి!" అంటూ జనం ఆ పొగను రెండు చేతులా కళ్లకద్దుకున్నారు.

అప్పుడే కొబ్బరికాయ పట్టుకుని మాడసామి వచ్చాడు. దండం పెట్టుకుని, చిత్రతో మెల్లగా చెప్పాడు. "సోమవారానికి నా బండి తయారా అని రాజా అడిగినారమ్మా. నిజమే గదా, అమ్మ కూర్చున్న బండిలో మామిడికాయలు ఎట్ల తోలుతారు?"

చిత్ర బండి ఎక్కి నిలబడింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది. అయినా గొంతు పెంచింది.

"అందరూ వినండి! అమ్మ ఏమీ మార్చలేదు. నేనే మార్చినాను! రెండిట్లోనూ తెల్ల పువ్వు పెట్టినాను. నమ్మకపోతే ఆ రెండో పొట్లం విప్పండి!"

అళగిరి నోరెళ్లబెట్టాడు. చొక్కలింగం లెంపలేసుకుని పొట్లం విప్పాడు. లోపల వాడిపోయిన ఎర్ర గన్నేరు.

"మళ్లీ మార్చింది తల్లి!" అని జనం హోరెత్తారు. కోడి తప్పిపోయినావిడ చిత్ర కాళ్లు పట్టేసుకుంది. చిత్రకు కూడా ఒక్క క్షణం నమ్మకం కలిగి చేతులు జోడించేసింది.

"ఊరికే ఉండండర్రా!" కుర్చీలోంచి పాప్పమ్మాళ్ కసిరింది. "అమ్మకు వేరే పని లేదా? ఎర్రది పెట్టినది నేను."

వీధి మొత్తం ఆమె వైపు తిరిగింది.

"వీణ్ని కన్నదాన్ని నేను. వీడు పొట్లం కడితే విప్పి చూడకుండా ఉంటానా? చూస్తే రెండూ తెల్లవి. కోడలు నాకంటే ముందే చూసినాదని తెలిసిపొయ్యె. ఒకటి తీసి ఎర్రది పెట్టినాను. న్యాయంగా."

"మరి నిన్నట్నుంచీ చెప్పలేదేం అత్తా?"

"ఎవరైనా అడిగినారా?" అంది పాప్పమ్మాళ్, కుంకుమ పళ్లెం కింద పెట్టి.

జనం పలచబడ్డారు. మాడసామి కొబ్బరికాయ వెనక్కి తీసుకున్నాడు. చొక్కలింగం మాత్రం తీర్పు చెప్పాడు. "ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. గుడికి వచ్చేసరికి పొట్లాలు సరిగ్గానే ఉండాయి. తెల్లది ఎత్తించినది అమ్మే. రిపేరు చేయించండి." ఇసక్కిముత్తు చెప్పులు వేసుకుని స్పానర్లకు పరుగెత్తాడు.

అళగిరి, చిత్ర ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చూసుకున్నారు. "రెండూ ఎర్రవేనా మామా?" అంది ఆమె. "నువ్వు మాత్రం?" అన్నాడతను. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆదివారం సాయంత్రం ఇంజన్ పొగ లేకుండా మోగింది. అది విని చిత్ర ఏడ్చేసింది. సోమవారం తెల్లవారగానే సేత్తూరు తోట ముందు మొదట నిలిచినది వాళ్ల బండే, తోలినది చిత్రే.

ఇప్పుడు అరిగిన టైర్లకు పైన కొత్త రబ్బరు వేయించాలా, కొత్తవే కొనాలా అని ఇంట్లో మళ్లీ రచ్చ. పొట్లాలు పాప్పమ్మాళే కట్టి కొంగున ముడేసుకుంది. వాటిలో ఏముందో అమ్మవారికి కూడా ఇంకా చెప్పలేదట.