జవాన్ల డబ్బా కేసు

“ఈ నగరంలో నేరం చేసి తప్పించుకునే రోజులు ఇవాళ్టితో ముగిశాయి” అని సోమయాజులు ప్రకటించినప్పుడు నేను హాస్టల్ మెస్‌లో రెండో దోసె కోసం ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. లైన్లో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందరికీ అలవాటే.

“ఎందుకు ముగిసినయిర?” అన్నాను, అడగకపోతే దోసె తిననివ్వడని.

“నేను రంగంలోకి దిగాను గనక. యూనివర్సిటీ నన్ను పరిశోధకుడని ఒప్పుకుంది. దేన్ని పరిశోధించాలన్నది నా ఇష్టం.”

ఒప్పుకున్న మాట నిజమే. జువాలజీలో పందికొక్కుల మీద పీహెచ్‌డీ చెయ్యమని సీటిచ్చింది. వాడు చేరాక పందికొక్కుల్లో ఎన్నో తరాలు మారాయి గానీ థీసిస్ మొదటి అధ్యాయం దాటలేదు. వాళ్లవాళ్లు కోస్తా నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డారు. ఇల్లు అంత దగ్గరున్నా వాడు హాస్టల్లోనే ఉంటాడు. డిటెక్టివ్‌కి ఏకాంతం కావాలట. ఆ ఏకాంతంలో నేను కూడా ఉంటాను. నా పేరు కొమురెల్లి, మాది సిద్దిపేట దిక్కు, వాడి రూమ్మేట్ కావడం తప్ప నేనే నేరమూ చెయ్యలేదు.

ఇంతవరకు వాడు ఛేదించిన కేసు ఒక్కటే. మా గదిలో బకెట్ పోయింది. హాస్టల్ మొత్తాన్ని విచారించి, చివరికి తన మంచం కిందే పట్టుకున్నాడు. “అనుమానం నా మీదికే మళ్లించాడు. మామూలు బుర్ర కాదు” అన్నాడు ఆ కనిపించని దొంగ గురించి, మెచ్చుకోలుగా.

ఇప్పుడు వాడు దిగిన రంగం తార్నాకలో ఉంది. మా శిరీష మేడం క్యాంపస్‌లో ఎన్‌ఎస్‌ఎస్ చూస్తుంది. సరిహద్దులో పనిచేస్తున్న తెలుగు జవాన్లు చదువుకోడానికి పుస్తకాలు పంపుదామని, తార్నాక కాలనీ సంఘంతో కలిసి కమ్యూనిటీ హాల్లో పెద్ద చెక్క డబ్బా పెట్టించింది. డబ్బా మీద ఎర్రటి అక్షరాలతో ‘జవాన్ల కోసం’ అని రాయించింది. ఆదివారం సభ జరుగుతుంది, ఒక మాజీ సైనికుడికి సన్మానం చేస్తారు, సోమవారం డబ్బా రైలెక్కుతుంది. అంతా బాగానే ఉంది గానీ డబ్బాలోంచి పుస్తకాలు మాయమవుతున్నాయి. మాయమై, రెండు మూడు రోజులకు మళ్లీ కనిపిస్తున్నాయి.

మేడం ఈ సంగతి క్యాంటీన్లో ఎవరితోనో మామూలుగా చెప్పింది. పక్క టేబుల్ దగ్గర సోమయాజులు టీ తాగుతున్నాడు. కేసు అలా వచ్చింది.

మేము వెళ్లేసరికి హాల్లో పంచాయితీ నడుస్తోంది. కాలనీ సంఘం అధ్యక్షుడు రత్నాకర్ గారు వాచ్‌మన్ ఇన్నయ్యను నిలబెట్టి అడుగుతున్నారు. ఇన్నయ్య మాణికేశ్వర్ నగర్ నుంచి రోజూ నడిచొచ్చి డ్యూటీ చేస్తాడు.

“తాళాలు నీ దగ్గరే ఉంటయి. నువ్వు గాకపోతే ఎవరు తీస్తరు?”

“నాకు సదువే రాదు సారు. నేనేం జేసుకుంట బుక్కులు?”

“అమ్ముకోడానికి చదువెందుకయ్యా? ఆదివారం లోపల తేలకపోతే సోమవారం నుంచి వేరేటోణ్ణి పెట్టుకుంటం.”

ఇన్నయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కూతురు పదో తరగతి పరీక్షలు రాస్తోందని తర్వాత నాతో అన్నాడు. ఆ మాట అధ్యక్షుడికి చెప్పుకోలేకపోయాడు.

సోమయాజులు ముందుకొచ్చాడు. “ఎవరినీ తొందరపడి ఉద్యోగంలోంచి తియ్యకండి. ఇది చిల్లర దొంగతనం కాదు. దీని వెనక ఒక చీకటి హస్తం ఉంది. నాకు ఆధారాలు కావాలి.”

“ఆధార్‌ది జిరాక్స్ చాలునా?” అన్నాడు ఇన్నయ్య, జేబులోంచి తియ్యబోతూ.

జువాలజీ ల్యాబ్‌లోంచి తెచ్చిన భూతద్దంతో సోమయాజులు డబ్బాలోకి తలదూర్చాడు. కాలనీవాళ్ల దేశభక్తి అంతా అందులోనే ఉంది. పాత ఎంసెట్ గైడ్లు, అయిపోయిన సంవత్సరాల పంచాంగాలు, ఇన్‌కంటాక్స్ కిటుకులు, మిక్సీ వాడే విధానం, పొట్ట తగ్గించుకునే మార్గాలు. సరిహద్దులో మంచులో నిలబడ్డవాడికి పొట్ట తగ్గాల్సిన అవసరం ఏముందో ఇచ్చినవాళ్లకే తెలియాలి. వీటిని ఎవరూ ముట్టలేదు. వెళ్లొస్తున్నవి తెలుగు నవలలే.

తిరిగొచ్చిన నవలను వాడు వాసన చూశాడు. “పసుపు. కొంచెం కారం కూడా. కొన్ని పేజీల మూలలు మడిచి ఉన్నాయి. అర్థమైందా కొమురెల్లీ?”

“ఎవరో వంట చేసుకుంట చదివిన్రు.”

“నీలాంటివాళ్లు అలా అనుకోవాలనే పసుపు పూశారు. మడిచిన పేజీల నెంబర్లు అక్షాంశ రేఖాంశాలు.”

ఫోన్లో మ్యాప్ తెరిచి ఆ నెంబర్లు కొట్టాడు. చుక్క సముద్రం మధ్యలో పడింది.

“సబ్‌మెరైన్” అన్నాడు మెల్లగా, ముఖం ఎర్రబడి. “శత్రు దేశం మన జవాన్ల పుస్తకాల ద్వారా సందేశాలు పంపుతోంది.”

శిరీష మేడం నా వైపు చూసింది. నేను గోడ మీద ఫ్లెక్సీ చూశాను. దాని మీద కాలనీ కార్యవర్గం మొత్తం చేతులు జోడించి నవ్వుతున్నారు. కింద మూలలో జవాను ఉన్నాడు గానీ అతను వేసుకున్న యూనిఫాం ఏ దేశానిదో తెలియలేదు.

“సన్మానం ఎవరికి మేడం?” అని అడిగాను, మాట మార్చడానికి.

“అదే ఇంకో తలనొప్పి” అంది మేడం. “తార్నాకలో మాజీ సైనికులెవరన్నా ఉంటే చెప్పండని వాట్సాప్ గ్రూపులో పెట్టినం. ఎవరూ రాలేదు. అందుకే రత్నాకర్ సార్ వాళ్ల బావగారికి చేద్దామంటున్నరు.”

“ఆయన మిలిటరీల చేసిన్రా?”

“కాలేజీల ఎన్‌సీసీ చేసిన్రు” అన్నారు రత్నాకర్ గారు గంభీరంగా. “బి సర్టిఫికెట్.”

ఆ సాయంత్రానికి సోమయాజులుకు రత్నాకర్ గారి మీదే అనుమానం వచ్చింది. ఇన్నయ్య మీదికి నేరం నెట్టాలని అంత ఉబలాటం దేనికన్నది వాడి ప్రశ్న. మర్నాడు పొద్దున ఆయన స్కూటర్ వెనక ఆటో మాట్లాడి నన్ను కూడా ఎక్కించాడు. స్కూటర్ హబ్సిగూడ దాకా పోయి ఒక టిఫిన్ సెంటర్ ముందు ఆగింది. ఆయన అటూ ఇటూ చూసి, మూల టేబుల్ దగ్గర గోడకు తిరిగి కూర్చున్నారు.

“ఏజెంటు కోసం చూస్తున్నాడు” అన్నాడు సోమయాజులు. సర్వర్ ఏదో తెచ్చి పెట్టగానే వెనక నుంచి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యేశాడు. “ఆట ముగిసింది. ఆ ప్లేట్లో ఏముందో బయటపెట్టండి.”

ప్లేట్లో మైసూర్ బజ్జీ ఉంది. డాక్టరు నూనె వస్తువులు మానమన్నాడట. ఆ పక్క టేబుల్ దగ్గరే అప్పుడే పార్సిల్ కోసం వచ్చి నిలబడి ఉంది ఆయన భార్య విజయశ్రీ గారు. “పొద్దున్నే వాకింగ్ అంటే ఇదా” అంది ఆవిడ. అనుమానితుడు కాస్తా అవమానితుడయ్యాడు. మా ఆటో డబ్బులు నేనే ఇచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం సోమయాజులు కొత్త పథకం వేశాడు. హాల్ వెనక గోడెక్కి కిటికీలోంచి డబ్బాను కనిపెడతాడు. నేను కింద నిలబడి ఎవరన్నా వస్తే దగ్గాలి. ఎండ మాడుతోంది. వాడు నల్ల చొక్కా వేసుకుని గోడ మీద బల్లిలా పాకాడు. కాసేపటికి నాకు నిజంగానే దగ్గొచ్చింది. వాడు ఉలిక్కిపడి, పట్టు తప్పి, హాల్ వైపు కాక అవతలి వైపు పడ్డాడు.

అవతల ఒక చిన్న రేకుల ఇల్లు. వాకిట్లో చాప మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను గోడెక్కి చూసేసరికి వాడు వాటి మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. నోరు తెరవబోయి, వేలు పెదవుల మీద పెట్టుకుని ఇంటివైపు చూపించాడు. లోపల నుంచి ఒక ఆడగొంతు వినిపిస్తోంది. ఒక్కో మాట కూడబలుక్కుంటోంది.

“వాణ్ణి... ప్రాణాలతో... వదిలితే... మన రహస్యం... బయటపడుతుంది. ఈ రాత్రికే... గొంతు...” గొంతు దగ్గర ఆ గొంతు ఆగిపోయింది.

సోమయాజులు ముఖంలో నెత్తురు లేదు. అయినా వాడు పారిపోలేదు. ఇన్నేళ్లలో వాణ్ణి చూసి నేను గర్వపడ్డది ఆ ఒక్క క్షణమే. లేచి, మిరపకాయలు దులుపుకుని, భూతద్దాన్ని పిస్తోలులా పట్టుకుని గుమ్మంలోకి దూకాడు. “ఎవరూ కదలొద్దు” అనబోయాడు. ‘ఎవరూ’ దగ్గరే తుమ్మొచ్చింది.

“థమ్. కౌన్ ఆతా హై?” అని కాపలా సిపాయి నిలదీసినట్టు లోపల్నుంచి ఒక మగగొంతు గర్జించింది.

ఆ గొంతుకు గోడ మీదున్న నేనే చేతులు పైకెత్తబోయి, పడతానని ఆగాను. సోమయాజులు రెండు చేతులూ ఎత్తేశాడు. భూతద్దం కిందపడి పగిలింది.

“దోస్త్” అన్నాడు సన్నగా.

నేను గోడ దిగి గుమ్మంలోకి వెళ్లేసరికి నులక మంచం మీద ఒక పెద్దాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పక్కన పీట మీద ఆయన భార్య ఉంది. ఆమె చేతిలో డబ్బాలోని నవల, ఒళ్లో ఒలుస్తున్న ఎల్లిపాయలు. తుమ్ములు విని ఇన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. అతని వెనక, ఫ్లెక్సీ కట్టించడానికి వచ్చిన రత్నాకర్ గారు, శిరీష మేడం.

పుస్తకం చూడగానే రత్నాకర్ గారు “దొంగ దొరికింది” అన్నారు.

ఆమె లేవలేదు. “దొంగతనమేంది సారు. డబ్బా మీద జవాన్ల కోసం అని రాసున్నది గద. మా ఇంట్ల జవాను ఉన్నడు.”

సోమయాజులు చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

ఆమె పేరు రాములమ్మ. ఆయన లక్ష్మీనర్సయ్య, సైన్యంలో నాయక్ హోదాలో పనిచేశాడు. సరిహద్దులో పోస్టు మీద షెల్ పడి, ప్రాణం దక్కింది, కళ్లు పోయాయి. జనగామ దిక్కు నుంచి ఈ మధ్యే ఈ ఇంట్లోకి కిరాయికి వచ్చారు. వాళ్లకున్నది బటన్ల ఫోను. అందులోకి మా వాట్సాప్ పిలుపు రాలేదు.

“పగటిపూట హాలు తెరిసున్నప్పుడు అందరు సూస్తుండంగనే తీస్కపోతుంటి” అంది రాములమ్మ. “సదివినంక మల్ల పెడుతుంటి. అడిగితే చెప్తుంటి. ఎవ్వరు అడగలె.”

శిరీష మేడం పీట పక్కనే నేల మీద కూర్చుంది. “తప్పు మాది అమ్మా” అంది.

రత్నాకర్ గారు గొంతు సవరించుకున్నారు. “ఆదివారం మీకు స్టేజీ మీద శాలువ కప్పుతం. మెమెంటో ఇస్తం. ఫోటోలు...”

“శాలువ కప్పితే ఉడకపోస్తది సారు” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “ఈమెకు కండ్లల్ల మోతిబిందు వస్తున్నది. అక్షరాలు కనవడుతలేవు. గొంతు కాడ ఆగిపోయింది కత. ఎవరన్న చదివి పెడితే అదే సన్మానం.”

“ముందుగాల ఇన్నయ్యకు జెప్పుండ్రి” అంది రాములమ్మ. “దొంగ అన్నరట గద, ఇప్పుడే జెప్పిండు.”

రత్నాకర్ గారు ఇన్నయ్య వైపు తిరిగారు. ఎంత కష్టపడ్డారో గానీ “సారీ ఇన్నయ్యా” అన్నారు. ఇన్నయ్య టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

పుస్తకం సోమయాజులు అందుకున్నాడు. పేజీకోసారి ఆగి హంతకుణ్ణి ప్రకటించడం మొదలుపెట్టాడు. మొదట వంటవాడన్నాడు. తర్వాత మేనల్లుడన్నాడు. ఆ మేనల్లుడు రెండు పేజీల తర్వాత హత్యకు గురయ్యాడు. “ఆత్మహత్య చేసుకుని మనల్ని తప్పుదోవ పట్టిస్తున్నాడు” అన్నాడు మావాడు. లక్ష్మీనర్సయ్య ఓపిక పట్టి పట్టి, “తమ్మీ, ఇగ నువ్వు డ్యూటీ దిగు. పక్కనున్న పిలగాడు సదువుతడు” అన్నాడు. పుస్తకం నా చేతికొచ్చింది.

ఆదివారం సభ హాల్లో కాక ఆ వాకిట్లోనే జరిగింది. మిరపకాయలు తీసేసి చాపలు వేశారు. శిరీష మేడం ఇంటింటికీ తిరిగి ఎంసెట్ గైడ్లు తిరిగిచ్చి, వాళ్లు దాచుకున్న మంచి నవలలు పట్టుకొచ్చింది. కాలనీ గ్రూపులో రత్నాకర్ గారు ‘అజ్ఞాత వీరుణ్ణి వెలికితీసిన మేధావి’ అని సోమయాజులు ఫోటో పెట్టారు. గోడ మీంచి కావాలనే దూకానని మావాడు అందరికీ చెప్పుకున్నాడు. కాకపోతే నిలబడి చెప్పాడు. ఎండుమిరపకాయల మీద పడ్డవాడు అంత త్వరగా కూర్చోలేడు.

నేను చదువుతూ చివరి పేజీకి వచ్చాను. అందరూ ముందుకు జరిగారు. లక్ష్మీనర్సయ్య చెయ్యి చాచి, తడిమి, పుస్తకం మూసేశాడు.

“ఆగు బిడ్డా. మేం పోస్టుల ఉన్నప్పుడు మా తాన ఒక్కటే తెలుగు పుస్తకం ఉండె. ఆఖరి పేజీలు సలికి పొయ్యిల పెట్టిండు ఎవడో. రోజుకొకడు తన ముగింపు జెప్పేటోడు. ఒకడు పెండ్లి జేసేటోడు, ఒకడు అందరిని సంపేటోడు. కొమ్మయ్య అని మా దోస్తు ఉండె. వాని వంతు తెల్లారి ఉండె. ఆ తెల్లారే షెల్ పడ్డది. నా కండ్లు పోయినయి, వాడే పోయిండు.” ఆయన పుస్తకం అట్ట మీద చెయ్యి ఆనించాడు. “వాడేం జెప్పేటోడో అని ఇప్పటికి అనిపిస్తది. మీరు జెప్పుండ్రి, ఒక్కొక్కరు. పుస్తకంల ఉన్నది తర్వాత సూద్దాం.”

రత్నాకర్ గారు చెప్పులు చూసుకుంటున్నారు. సోమయాజులు నోరు తెరిచి, మొదటిసారి ఏమీ అనకుండా మూశాడు.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఇన్నయ్య ముందుకొచ్చి చాప అంచున కూర్చున్నాడు.

“నాకు సదువు రాదు గని,” అన్నాడు, “నేను జెప్త. ఆ మేనల్లుడు పిలగాడు సావలే సారు. ఇంటికొస్తుండు.”