ఆగని రెండో పాట

మీరే చెప్పండి. ఏడాది పొడుగునా ఒక్క ఆల్బమ్ కూడా మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినని మనిషి, ఆ ఏటి మేలైన ఆల్బమ్‌లు పది ఏరి చెప్పాలంటే ఏం చేయాలి? నిజం ఒప్పుకుని పక్కకు తప్పుకోవాలి. నేను తప్పుకోలేదు. తప్పుకుని ఉంటే ఈ పాటికి ముగ్గు వేయడం నేర్చుకోవలసిన అవసరం నాకు వచ్చేది కాదు.

కాలేజీలో మాకు పాటల పిచ్చిగాళ్ల గుంపు ఒకటి ఉండేది. ఇప్పుడు తలా ఒక ఊళ్లో ఉన్నాం, గుంపు ఫోన్‌లోకి మారింది. డిసెంబరు ఆఖరికల్లా ప్రతివాడూ ఆ ఏడాది వచ్చినవాటిలో తనకు నచ్చిన పది ఆల్బమ్‌లు చెప్పాలి. అన్నీ ఒకే రకం కాకూడదు. జానపదం ఉండాలి, జాజ్ ఉండాలి, గజల్ ఉండాలి, చెవులు చిల్లులు పడే మెటల్ ఉండాలి. ఎవరి ఎంపిక బాగుందో ఓటు వేసుకుంటాం. జాజ్ తప్ప ఇంకేదీ సంగీతం కాదనే స్నేహితుడు శక్తిని 'జాజి శక్తి' అంటాం. డ్రమ్ముల మోత లేనిదే నిద్రపట్టని బాలాజి 'పిడుగు బాలాజి'. నాకు వాళ్లు పెట్టిన పేరు 'సగంపాట'.

నా అసలు పేరు బాలమురుగన్. సగంపాట ఎందుకయ్యానంటే, పోయిన ఏడాది నేను పది ఆల్బమ్‌ల గురించీ గొప్పగా రాస్తే పిడుగు బాలాజి అడిగాడు: "ప్రతి దాంట్లోనూ మొదటి రెండు పాటల గురించే రాసినావే, మిగతావి మీ ఇంటికి రాలేదా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, దీపావళికి మంచి హెడ్‌ఫోన్లు కొన్నాను. కార్తీకం అయిపోయినా వాటి పెట్టె తెరవలేదు.

ఎక్కడ తెరిచేది? తమిళనాడు ధర్మపురిలో మా తెలుగువాళ్ల వీధి మొత్తానికి తొలి డిగ్రీ నాది. మా నాన్న కారిమంగళం సంతలో చింతపండు అమ్మి నన్ను చదివించాడు. ఆయన చదివించింది నన్నొక్కణ్ణే అయినా, చదువు మాత్రం వీధి అందరిదీ అయిపోయింది. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, కరెంటు ఆఫీసు నుంచి కాగితం వచ్చినా, ఫోన్‌లో మనవడి ఫోటో కనబడకపోయినా మా ఇంటికే వస్తారు. ఆఫీసులో పగలంతా జనం అర్జీలు చూసి ఇంటికి వస్తే, అరుగు మీద ఇంకో ఆఫీసు తెరిచి ఉంటుంది.

ఒక ఆదివారం గుండె దిటవు చేసుకుని హెడ్‌ఫోన్లు బయటికి తీశాను. మా హేమప్రియ చూసింది. ఆమె నా భార్య, మేనమామ కూతురు కూడా. చిన్నప్పటి నుంచీ నన్ను ఎరుగును, అదే నా కష్టం.

"బావా, అవి చెవులకు తగిలించుకుంటే, గ్యాస్ అయిపోయిందని నీకు ఎట్ల చెప్పేది?"

"చేత్తో సైగ చెయ్యి."

"గ్యాస్‌కు సైగ ఏముంది? నువ్వు చేసి చూపించు, నేర్చుకుంటాను."

హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి.

అంతలో మార్గళి, అంటే ధనుర్మాసం, వచ్చింది, నాకో ఉపాయం తెచ్చింది.

మార్గళిలో మా వీధి పెరుమాళ్ల గుడి మీద తెల్లవారకముందే మైకు మోగుతుంది. ఏళ్ల తరబడి ఆ మైకు సెట్టు చూసేది మాదప్పన్ తాత. ఈసారి ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని కడత్తూరులో కూతురి ఇంట్లో ఉండిపోయాడు. పాటలు వేసేవాళ్లు లేరని గుడి పెద్దలు దిగులు పడుతుంటే నేను ముందుకు వచ్చాను.

మీకు అర్థమై ఉంటుంది. మైకు సెట్టు గదికి తలుపు ఉంది. తలుపుకు లోపలి గొళ్లెం ఉంది. పెరుమాళ్ల సేవలో ఉన్నవాణ్ణి రేషన్ కార్డు కోసం ఎవరూ పిలవరు. గుడి మీద పాటలు ఊరి కోసం, నా చెవుల్లో ఆల్బమ్‌లు నా కోసం.

మా అమ్మ అలమేలుమంగ కళ్లు చెమ్మగిల్లాయి. "చదువుకున్నోళ్లకు భక్తి ఉండదంటారే, నా కొడుకును చూడండి!"

హేమ మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసింది. "పండగ రోజు కూడా ఎండ మొహాన పడితే కానీ లేవవు. నీకు భక్తి ఎప్పుడు పట్టుకునింది బావా?"

"అది పిలుపు హేమా. వస్తే పోవాల్సిందే."

"సరి సరి. పిలుపు వచ్చినట్టే ఉంది, స్వెటర్ లోపల ఏందో ఉబ్బుగా ఉంది."

మొదటి రోజులు స్వర్గం. ఈశాన్య రాష్ట్రాల నుంచి ఒక అమ్మాయి వెదురు వాయిద్యంతో చేసిన ఆల్బమ్ సగం విన్నాను. సగం ఎందుకంటే, మైకు పెట్టె పాతది. ఒక్కో పాట అయ్యాక తరువాతి పాటకు బటన్ నొక్కాలి. నొక్కాలంటే హెడ్‌ఫోన్లు తీసి, బయట పాట ఎంతవరకు వచ్చిందో వినాలి. మనశ్శాంతి ఎక్కడిది? గొళ్లెం పెట్టుకున్నా సగంపాటే.

అప్పుడు పెట్టె మూల ఒక చిన్న బటన్ కనబడింది. దాన్ని నొక్కితే పాట అయిపోయాక మళ్లీ దానంతట అదే మోగుతోంది. అహా, తరువాతి పాటలు పెట్టె తానే ఒక్కొక్కటిగా వేసుకుంటుందన్నమాట అనుకున్నాను. డిగ్రీ చదివినవాణ్ణి కదా, ఒకసారి చూడగానే అర్థమైపోయింది. రెండో పాట మొదలుపెట్టి, ఆ బటన్ నొక్కి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకున్నాను.

ఇక్కడ మీకు మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. మార్గళిలో మా ఆడవాళ్లు గడియారం చూడరు. చేతులకు ముగ్గుపిండి, మీద మంచు, ఫోన్ ఎక్కడో లోపల ఛార్జింగ్‌లో. వాళ్లకు గడియారం గుడి మైకే. మొదటి పాటకు లేచి వాకిట్లో నీళ్లు చల్లాలి. రెండో పాటకు ముగ్గు. మూడో పాటకు పాలు పొయ్యి మీదికి. నాలుగో పాటకు పిల్లల్ని లేపాలి, కట్టడం పనికి పోయేవాళ్లకు అన్నం క్యారియర్లు సర్దాలి. రెండో పాట ఆగేదాకా ముగ్గు ఆపకూడదని కూడా ఒక పట్టింపు. ఆపితే ఇంటికి మంచిది కాదట. మాదప్పన్ తాత ఒక్కనాడూ పాట తప్పించలేదు గనుక ఆ పట్టింపు ఎవరికీ బరువు కాలేదు.

ఈ సంగతి నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ ముగ్గు వేసేది నేను కాదు కదా.

ఆ రోజు పొగమంచు చేయి చాస్తే చేయి కనబడనంతగా ఉంది. నేను బెంగళూరు కుర్రాళ్ల మెటల్ ఆల్బమ్ పెట్టాను. ఏం మోత! ఏం కేకలు! మొదటి పాట, రెండోది, మూడోది... జీవితంలో తొలిసారి మధ్యలో ఆపకుండా నాలుగో పాటలోకి అడుగుపెట్టాను. ఐదోది. తల దానంతట అదే ఊగుతోంది. ఆఖరి పాటలో గాయకుడు గొంతు చించుకుంటూ ఉండగా ఎవరో భుజం మీద చేయి వేశారు.

ఉబలాటంలో గొళ్లెం పెట్టడం మరిచాను. కళ్లు తెరిస్తే హేమ. మోచేతుల దాకా ముగ్గుపిండి, జుట్టులో ముగ్గుపిండి, ముక్కు మీద ముగ్గుపిండి.

"ఎట్ల వచ్చినావు?" అన్నాను.

"ముగ్గు వేసుకుంటా వచ్చినాను."

బయటికి చూశాను. మా వాకిట్లో మొదలైన ముగ్గు అరుగు దాటి, కరెంటు స్తంభం చుట్టూ తిరిగి, సరసమ్మ ఇంటి ముగ్గుతో కలిసి, గుడి మెట్లు ఎక్కి, మైకు గది గడప దగ్గర తామరపువ్వుగా ముగిసింది. ఒక్క మా ఇంటిదే కాదు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడుగు పెట్టడానికి చోటు లేదు. పాలవాడు సైకిలు భుజాన ఎత్తుకుని నిలబడ్డాడు. క్యారియర్లు సర్దలేదు, పిల్లలు లేవలేదు, బడి బస్సు వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది. గుడి మీద రెండో పాట ప్రశాంతంగా మళ్లీ మొదలైంది.

"ఆపు బావా," అంది హేమ. "నడుము విరిగిపోయింది."

ఆపాను. వీధి వీధంతా ఒక్కసారి "అమ్మాడీ" అని నడుము పట్టుకుని లేచిన చప్పుడు వినబడింది.

సరసమ్మ నడుము మీద చేయి వేసుకుని మెట్లెక్కి వచ్చింది. మా వీధిలో పట్టింపులన్నిటికీ ఆమే అధికారి. "ఏమప్పా బాలా, ఏమయింది? పిండి డబ్బా ఖాళీ అయిపోయి బియ్యప్పిండి, మైదా, ఆఖరికి మా ఆయన పౌడరు కూడా వేసేసినాను!"

హెడ్‌ఫోన్లు వీపు వెనక దాచాను. అందులోంచి మెటల్ గాయకుడు సన్నగా అరుస్తూనే ఉన్నాడు. వీధిలో నా చదువుకు ఉన్న మర్యాద, నా భక్తికి కొత్తగా వచ్చిన మర్యాద, రెండూ ఆ తీగకే వేలాడుతున్నాయి.

హేమ నావైపు చూసింది. తరువాత సరసమ్మవైపు తిరిగింది.

"పెట్టె పాతదయింది పెద్దమ్మా. బటన్ ఇరుక్కుపోయింది, పాపం ఈయన ఎంత తంటాలు పడినా రాలేదు. నాకైతే చేయి తిరిగింది. రేపటి నుంచి నేను వచ్చి చూసుకుంటాను."

"ఆడది గుడిలో సేవ చేస్తే ఇంకా మంచిదే. మరి నీ వాకిట ముగ్గో?"

"ఈయన ఉండాడు కదా," అంది హేమ, నా చేతిలోంచి హెడ్‌ఫోన్లు, వాటి తీగకున్న నా పాత ఫోన్‌తో సహా లాక్కుని కొంగులో చుట్టుకుంటూ. "భక్తి పట్టుకునిన మనిషి. పిలుపు వస్తే పోవాల్సిందే."

సరసమ్మ దిగి వెళ్లాక గొంతు తగ్గించి అడిగాను. "హేమా, నీకు ఆ పాటలు ఎందుకు? ఎప్పుడూ వినవు కదా."

"పాటలు ఉండనీ బావా. తలుపుకు లోపల గొళ్లెం ఉంది కదా? పెండ్లయిన నాటి నుంచి అట్లాంటి గది కోసం చూస్తా ఉండాను."

నేనేదో చెప్పబోయాను. ఆమె అప్పటికే హెడ్‌ఫోన్లతో చెవులు మూసుకుంది.

మరునాటి నుంచి నాకు మొదటి పాటకు నీళ్లు చల్లడం, రెండో పాటకు ముగ్గు, మూడో పాటకు పాలు. గుడిలో హేమ హెడ్‌ఫోన్లు తీయకుండానే, నేను చూడనే చూడని పెట్టె మీది నిమిషాల అంకెలు చూసుకుంటూ, సరిగ్గా వేళకు బటన్ నొక్కేది. నా చుక్కలు వరసలో నిలబడవు. పింఛను కోసం మా ఆఫీసుకు వచ్చే ముసలివాళ్లలాగా తలా ఒక దిక్కుకు పోతాయి. మా అమ్మ అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని "ఆ తామరపువ్వేందిరా, కోసిన క్యాబేజీ మాదిరి ఉంది" అని మెచ్చుకునేది. పాలు పొంగడం నాకు కొత్త. అవి పొంగడానికి మన కోసం ఆగవని తెలియడం ఇంకా కొత్త.

ఏడాది ఆఖరి రోజు రానే వచ్చింది. నేను విన్నది ఒక్క మెటల్ ఆల్బమ్. దాన్ని కూడా ఆఖరి పాట పూర్తికాకుండానే ఆపేశారు. సిగ్గు విడిచి హేమను అడిగాను. ఆమె పప్పు రుబ్బుతూ, అడిగినంతసేపూ చేయి ఆపకుండా చెప్పింది.

"ఆ వెదురు పిల్ల పాట, పులియబెట్టిన పిండి మాదిరి. తొందరపడితే రుచి తెలీదు. జాజ్ అంటారే, అది నలుగురు ఆడబిడ్డలు ఒకే వంటింట్లో ఉన్నట్టు. ఒకరి మాట ఒకరు వినరు, కానీ ఆఖరికి కూర బాగానే వస్తుంది. గజల్ ఆయన గొంతు మంచిదే. కానీ ఆయనకు ఇంటి పని లేదని తెలిసిపోతుంది."

"మెటల్?"

రోలు ఆగింది. "అదే మొదటిది. ఆ పిల్లోడు అంతగా అరిస్తే కూడా 'ఏమయింది, ఎందుకు అరస్తా ఉండావు' అని ఎవురూ అడగరు చూడు. వాడి తరఫున, నా తరఫున, ఇద్దరి తరఫునా అరిచినట్టు ఉంది."

ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసి పంపాను.

కొత్త సంవత్సరం తెల్లవారుజామున ముగ్గు మీద వంగి ఉండగా జేబులో ఫోన్ అదే పనిగా మోగింది. జాజి శక్తి: "ఆడబిడ్డల మాటకు నీకే నా ఓటు." పిడుగు బాలాజి: "నువ్వు ఇక సగంపాట కాదురా. ఇన్ని ఆల్బమ్‌లు పూర్తిగా వినడానికి తీరిక ఎక్కడ దొరికింది? ఆ రహస్యం మాకూ చెప్పు."

జవాబు రాయడానికి చేతులు ఖాళీ లేవు. పండగ ముగ్గు, వీధికల్లా పెద్దది వేయాలని అమ్మ పంతం. సగం కూడా కాలేదు. గుడి మీద రెండో పాట ఆఖరి చరణంలోకి వచ్చేసింది.

పిండి చేతులతోనే హేమకు ఫోన్ చేశాను. మూలనున్న ఆ చిన్న బటన్ ఒక్కసారి నొక్కమని, ఒకే ఒక్కసారి ఆ పాట మళ్లీ వేయమని బతిమాలుకుందామని.

మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఎత్తలేదు. చెవులకు అవి తగిలించుకుంటే ఎట్ల వినబడుతుంది?

రెండో పాట ఆగింది. ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా, మాదప్పన్ తాత ఉన్నప్పటిలాగానే, మూడోది మొదలైంది.

"రేయ్ బాలా," అంది అమ్మ దుప్పటిలోంచి, "పాలు!"