ఆ పేరు భద్రంగా ఉంది

పోయినవారి పరువు కాపాడటంలో మన జనాభా లెక్కల వారిని మించినవారు భూమ్మీద లేరు. (బతికున్నవారి సంగతి తీరిక దొరికినప్పుడు చూస్తారు.) ఈ సత్యం ఎడ్లపాడులో ఉండే సుబ్బరత్నమ్మకు అరవై దాటాక బోధపడింది.

ఆవిడ పుట్టిల్లు దుర్గి. పాలు మరవకముందే తల్లి పోయింది. ఈమధ్యే తండ్రి చెన్నకేశవులూ పోతే పొలంలో సమాధి కట్టి, ఇద్దరికీ కలిపి ఒక రాయి చెక్కమంది. శిల్పి ‘చెన్నకేశవులు, ధర్మపత్ని’ దాకా చెక్కి ఉలి ఆపాడు.

"అమ్మ పేరేందక్కా?"

ఎవరికీ తెలియదు. అచ్చంపేట నుంచి కాపురానికొచ్చింది గనుక దుర్గిలో అందరికీ ఆమె అచ్చంపేటామె. మొగుడికి ‘ఏమే’. కూతురు ఎప్పుడడిగినా ఆయన కండువా సర్దుకుని పొలానికి వెళ్లిపోయేవాడు. అచ్చంపేటలో మిగిలిన ఒకే ఒక్క ముసలాయన "మేం పాపాయి అనేవోళ్లం" అన్నాడు.

సుబ్బరత్నమ్మ పుట్టినప్పటి జనన రిజిస్టరు మాత్రం దొరికింది. తండ్రి పేరు కింద, తల్లి పేరు గడిలో ‘సదరు వారి భార్య’ అని గుండ్రటి దస్తూరీతో రాసి ఉంది. (తప్పని ఎవరూ అనలేరు.)

ఇక మిగిలింది తల్లి బతికుండగా జరిగిన పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరపు జనాభా లెక్క. ఆ కాగితాలు నరసరావుపేటలో ‘పూర్వ నామధేయ గోప్యతా పరిరక్షణ ఉపవిభాగం’ బీరువాలో ఉన్నాయి. అధికారి గోపాలకృష్ణయ్య మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు, బీరువా తీసి కాగితం చూసి, మళ్లీ తాళం వేశాడు.

"పేరు ఉందమ్మా. మంచి పేరు."

"చెప్పయ్యా మరి."

"ఎవరి వివరాలు వాళ్లకే ఇస్తాం. ఆమెను రమ్మనండి."

"ఆమె పోయింది గదయ్యా."

"అట్టయితే మరణ ధ్రువపత్రం తీసుకురండి. అందులో ఆమె పేరు స్పష్టంగా ఉండాలి."

"ఆ పేరే తెలిస్తే నీకాడికి ఎందుకొస్తా? ఏంది నీ గోల?"

ఆయన నొచ్చుకోలేదు. అర్జీ మీద ‘అర్జీదారుకు తల్లి పేరు తెలియదు, కనుక కూతురన్నది అనుమానాస్పదం’ అని రాసి, ముద్ర వేసి, రసీదు ఇచ్చాడు. సుబ్బరత్నమ్మ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఎడ్లపాడు దాకా ఏడ్చింది. (అందుకు అర్జీ అవసరం లేదు.)

సరిగ్గా అదే రోజు కొత్త జనాభా లెక్కలకు రోహిణి అనే టీచరమ్మ ఫోన్ పట్టుకుని ఎడ్లపాడు వచ్చింది. సుబ్బరత్నమ్మ ఇంటికి తాళం. తాళం ఉన్న ఇంటి వివరాలు పక్కింట్లో అడగాలని నిబంధన. పక్కింటి కోటమ్మ ఆలోచించింది.

"పేరా? దుర్గి నుంచి వచ్చింది గదా, మేం దుర్గామె అంటామమ్మా. చానా ఏళ్లుగా అంతే."

గడి ఖాళీగా వదిలితే యాప్ ముందుకు పోదు. రోహిణి ‘దుర్గామె’ అని కొట్టింది. పచ్చటి టిక్ వచ్చింది.

సంగతి తెలిసిన సుబ్బరత్నమ్మ సందు చివరన ఆమెను పట్టుకుంది. "నా పేరు మార్చమ్మా, నీకు పుణ్యముంటది."

"ఒకసారి సబ్మిట్ అయితే నాక్కూడా కనపడదు పిన్నీ. గోప్యం."

దుర్గిలో రాయి ఇంకా అలాగే ఉంది. ఎడ్లపాడు వివరాలు మాత్రం పరమ భద్రంగా ఉన్నాయి. వాటిని దుర్గామె స్వయంగా వచ్చి అడిగితేనే ఇస్తారు. సుబ్బరత్నమ్మ అనే ఆవిడకు వాటితో ఏ సంబంధమూ లేదు.