బల్ల మీది నగరం

ఉత్తర జర్మనీలోని మా చిన్న ఊళ్ళో, మా ఇంట్లో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం నగర నిర్మాణం జరుగుతుంది. కాఫీ, ఆల్‌బుకారా కేకు ముగిశాక మావారు ఎక్‌హార్ట్ బల్ల తుడిచి అట్టబిళ్ళల సంచి తెస్తారు. ఒక్కో బిళ్ళ మీద కాస్త రోడ్డు, కాస్త కోటగోడ, కాస్త పచ్చిక అచ్చేసి ఉంటాయి. వంతు వచ్చినవారు సంచిలోంచి ఒక బిళ్ళ తీసి అంచుకు అంచు కలిసేలా పేర్చాలి. దాని మీద తమ చెక్కబొమ్మను పెట్టి ఇది నాది అనవచ్చు. మాలో కుటుంబ ప్రేమలు ఈ పద్ధతిలోనే వ్యక్తమవుతాయి.

నియమాల పుస్తకం మావారి మోచేతి దగ్గరే ఉంటుంది. పేర్చిన బిళ్ళను వెనక్కి తీసుకోబోతే కన్నతల్లినైనా ఆయన ఉపేక్షించరు. గోడలో ఖాళీ వదిలిన నగరాన్ని చూస్తే మాత్రం ఆయనకు కేకు అరగదు.

మా అమ్మాయి విబ్కె ఊరి ఆసుపత్రిలో నర్సు. చంటిబాబుతో కలిసి, తను చిన్నప్పుడు పెరిగిన గదిలోనే మడతమంచం మీద కాలక్షేపం చేస్తోంది. ఊళ్ళో అద్దెకు ఇళ్ళు లేవు. మా పెరటి వెనక పచ్చికబయలులో పురపాలక సంఘం అద్దె ఇళ్ళు కట్టదలచింది. అందులో ఒకటి విబ్కెకి ఇస్తామని మాట కూడా ఇచ్చింది. ఈ ఉపద్రవాన్ని నివారించడానికి వెలసిన పచ్చిక పరిరక్షణ సమితికి మావారే అధ్యక్షులు. బయలులో ఒక అరుదైన కప్ప నివసిస్తోందని సమితి నిశ్చితాభిప్రాయం. దాన్ని ఎవరూ చూడలేదు. అది ఎంత అరుదైనదో చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలని మావారు సభలో అడిగితే చప్పట్లు మోగాయి. సమితి సమావేశాలకు కేకు నేనే చేస్తాను.

మంగళవారం పురపాలక సంఘంలో ఓటింగు. అంతకు ముందు ఆదివారం ఆటలో మావారి మహానగరానికి ఒక్క బిళ్ళ తక్కువైంది. సరిగ్గా ఆ బిళ్ళే విబ్కె చేతికొచ్చింది.

"అక్కడ పెట్టెయ్యి తల్లీ," అన్నారాయన.

"పెడితే నాకేం వస్తుంది నాన్నా?"

"నీకూ నాకూ ఏమిటి? చోటుంది, బిళ్ళ ఉంది. ఉండి కూడా ఖాళీగా వదిలేస్తే మనుషులు చేసే పనేనా?"

"ఈ మాటే మంగళవారం సభలో అను. నాకూ బాబుకీ ఇల్లొస్తుంది."

మావారు పుస్తకం తెరిచి, వేలితో చూపించారు. పచ్చిక మీద బొమ్మను పడుకోబెట్టినవాడు ఆట ముగిసేదాకా లేవనక్కర్లేదు. "ఈ నియమం నేను రాయలేదమ్మా," అన్నారు బాధగా.

మా అత్తగారు గెర్లిండె కళ్ళజోడు సవరించుకున్నారు. "మీ నాన్న ఈ ఇల్లు కడుతుంటే ఎగువ వీధివాళ్ళు ఇక్కడ భరతపక్షి ఉంది, కట్టొద్దన్నార్రా. నిజంగానే ఉండేది. పొద్దున్నే పాడేది."

"అమ్మా, ఇప్పుడు నీ వంతు కాదు," అన్నారు మావారు.

విబ్కె ఆ బిళ్ళను తీసుకెళ్ళి బల్ల చివర, ఎవరికీ పనికిరాని మూల పెట్టింది. అలాంటి బిళ్ళ సంచిలో మరొకటి లేదు. నగరం అసంపూర్తిగా మిగిలిపోయింది. కన్నకూతురే ఇంత అన్యాయం చేస్తుందనుకోలేదని ఆయన సోమవారమంతా బెంగపెట్టుకున్నారు. మంగళవారం సభలో ఆయన ప్రసంగం విని సంఘం ఇళ్ళ ప్రతిపాదనను ఏకగ్రీవంగా విరమించుకున్నాక గానీ మనిషి తేరుకోలేదు.

విబ్కె బాబును తీసుకుని దూరపు పట్నానికి ఉద్యోగం మార్చుకుంది. అక్కడ ఊరి చివర కొత్తగా కట్టిన ఇళ్ళలో చోటు దొరికింది. చాలాకాలం తండ్రితో మాట్లాడలేదు.

మొన్న ఫోన్ చేసింది. ఆమె కిటికీ ఎదురుగా ఉన్న చేనులో ఇంకా ఇళ్ళు కడతారట. అభ్యంతరం ఎవరికి పంపాలి, ఏమని మొదలుపెట్టాలి అని అడిగింది. మావారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఎంతో ఓపికగా, మాట మాటా విడమరిచి చెప్పారు. ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకున్నారు. కూతురు స్థిరపడిందని ఆయనకప్పుడు నమ్మకం కుదిరింది.