లాలాబీ కేక

ఆ పొద్దున పీరా సాబ్ అనుకున్నది చిన్న పనే. ఆదోనిలో నాలుగు వీధులు తిరిగి బొరుగులు అమ్మి, మధ్యాహ్నానికి ఎమ్మిగనూరు సంతకు ఆటో తిప్పాలి. గొంతు చించుకునే అవసరం లేదు. ఆటో మైకుకు తగిలించిన పాత ఫోన్లో ఆయన భార్య లాలాబీ అరుస్తుంది.

"బొరుగులొచ్చినాయమ్మా, పీరా సాబ్ బొరుగులు. చేటలు తీసుకోని రాండమ్మా. మెత్తగుంటే మా ఇంటాయన్ను తిట్టండి, నన్ను గాదు."

లాలాబీ చనిపోయి ఏడాది దాటింది. ఆమె గొంతు మిగిలింది ఆ ఫోన్లోనే. మొన్నామధ్య పోటీ వ్యాపారి గోవిందు ఆ కేకను దొంగతనంగా తన ఫోన్లో పట్టుకుని బొరుగులు అమ్ముకుంటుంటే, పీరా సాబ్ వెళ్లి చొక్కా పట్టుకున్నాడు. చెరిపేస్తానని ఒట్టు వేయించుకున్నాకే వదిలాడు.

ఆటో కదలబోతుంటే ఫోన్ ఆరిపోయింది. కొట్టి లేపితే మళ్ళీ ఆరిపోయింది. చూడటానికి వచ్చిన అల్లుడు నవాజ్‌కు జాలేసింది.

"మామా, ఇది సచ్చేటట్లుండాది. ఆ కేకను నా కొత్త ఫోన్లోకి ఏస్తా. సిటికెలో పని."

కొత్త ఫోన్ మాత్రం పుచ్చుకోనంది.

"యాలప్పా తీసుకోదు?"

"పాతదాంట్లో వాట్సాప్ నడవదు. దీని ఆపరేటింగ్ సిస్టమ్ వేరే, దాంది వేరే మామా. రెండు కంపెనీలకూ పడదు."

"ఒకే ఇంట్లో ఉండి గూడా మాట్లాడుకోవా?"

"ఒకే యాపారం కదా, నువ్వు గోవిందుతో మాట్లాడతాండావా?"

పీరా సాబ్ పాత ఫోన్ను అల్లుడి చేతిలో పెట్టాడు.

పాతదాన్ని అప్‌డేట్ చేస్తే దారికొస్తుందన్నాడు నవాజ్. ఫోన్ చోటు చాలదంది. ఉన్నవి తీసేసి చోటు చెయ్యనా అని అడిగింది. నవాజ్ చదవకుండానే సరే నొక్కాడు. ఫోన్ అప్పుడే పుట్టిన బిడ్డలా తెల్లగా లేచి, మీ భాష ఎంచుకోండి అంది. లాలాబీ లేదు.

పీరా సాబ్ ఫోన్ను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. నవాజ్‌కు అది చూసి భయమేసింది. తన ఫోన్లో మాటలు టైపు చేసి, మిషను గొంతుతో చదివించి మైకు పెట్టి, తానే ఆటో తోలాడు.

"బొరుగులు వచ్చినవి. దయచేసి పాత్రలతో రావలెను."

ఆ గొంతుకు వీధంతా నీళ్ల ట్యాంకరు వచ్చిందనుకుంది. ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చి, బొరుగులు చూసి తిట్లు మొదలుపెట్టారు. బిందె చంకలో ఉన్న భీమమ్మ ఒక్కతే నెమ్మదిగా అడిగింది.

"లాలాబీ యాడికి పోయిందప్పా ఈ పొద్దు?"

ఏడాది క్రితం పెళ్లాం జనాజా వెంట నడుస్తూ కూడా ఏడవని మనిషి మొహం తిప్పుకుని, "ఎమ్మిగనూరుకు పోనీ నవాజూ" అన్నాడు.

సంత మలుపులో ఆటో చప్పున ఆగింది.

"మెత్తగుంటే మా ఇంటాయన్ను తిట్టండి, నన్ను గాదు."

బండి పక్కన గోవిందు. పీరా సాబ్‌ను చూడగానే పాలిపోయాడు.

"తప్పైపోయిందన్నా. నా గొంతుకు ఎవురూ రాలేదు, అందుకే ఉంచుకున్నా. నీ కండ్ల ముందరే చెరిపేస్తా సూడు."

వేలు ఫోన్ మీదికి పోతుండగా పీరా సాబ్ బొరుగుల బస్తా తన్నుకుంటూ దూకి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సెరపొద్దురా గోవిందూ. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఒట్టేసినా కదన్నా?"

"ఆ ఒట్టు నా మీదికి రానీలే."

తీరా చూస్తే గోవిందుది బటన్ల ఫోన్, ఇంకో సిస్టమ్. అది నవాజ్ ఫోన్‌తోనూ కలవదు, పాతదానితోనూ కలవదు. చివరికి గోవిందు తన మైకు పెట్టాడు, పీరా సాబ్ పాత ఫోన్ను దాని మూతి దగ్గర పట్టుకుని రికార్డు చేశాడు. లాలాబీ మొత్తం చెప్పింది. ఆఖరి మాట కాగానే పీరా సాబ్ ఆగలేకపోయాడు.

"మామా, ఏడుపు గూడా పడిపోయిండాది. మళ్ళా చేద్దామా?" అన్నాడు నవాజ్.

"ఉండనీలే. ఇద్దరం ఒకే ఫోన్లో ఉంటాం."

ఇప్పుడు ఆదోనిలో లాలాబీ తన మొగుణ్ణి తిట్టమనగానే వెనక ఒక ముసలాయన వెక్కి వెక్కి ఏడుస్తాడు. కొత్త బేరగాళ్లు బొరుగులు మెత్తగున్నాయేమోనని నొక్కి చూసి మరీ కొంటున్నారు.