రాస్తే వచ్చే కరెంటు

ఆ ఏటి నుంచి కరెంటు తీగల్లో రావడం మానేసి రాతలో రావడం మొదలుపెట్టింది. కరెంటు శాఖ వాళ్లు లారీలేసుకొచ్చి స్తంభాల మీది తీగలన్నీ చుట్ట చుట్టి పట్టుకుపోయారు. మీటరు ఉన్నచోట ఇంటింటికీ ఒక చిన్న తెర, కీబోర్డు బిగించారు. ఇక మీదట కరెంటు కావలసినవాళ్లు తమ ఇంటి సర్క్యూట్‌ను అక్షరాల్లో రాయాలి. యంత్రం అది చదివి, లెక్క కట్టి, బల్బు వెలుగుతుందని తేలిస్తే బల్బు వెలుగుతుంది. తీగ లేకుండా ఎలా వెలుగుతుందని ఎవరూ అడగలేదు. తీగ ఉన్న రోజుల్లో ఎందుకు వెలగలేదో మాత్రం ఎవరు చెప్పారు గనుక? ఆ తెర ఏ కరెంటుతో పనిచేస్తోందని రేకుల కాలనీ సభలో ఒక ముసలాయన అడిగాడు. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, వచ్చే సభకు వాయిదా వేశారు.

రాయడం పెద్ద విద్యేమీ కాదు. వరుసకు ఒక వస్తువు. ముందు దాని పేరు, తర్వాత దాని రెండు కొనలు ఏయే బిందువులకు తగులుకున్నాయో వాటి నంబర్లు, చివర విలువ. కరెంటు పుట్టే చోటైతే పేరు వి తో మొదలవ్వాలి. వెలిగేదో తిరిగేదో అయితే ఆర్ తో మొదలవ్వాలి. అన్నీ తిరిగి తిరిగి సున్నా అనే బిందువుకు చేరాలి. సున్నా అంటే నేల. నేల లేని సర్క్యూట్‌ను యంత్రం ఒప్పుకోదు.

ఈ మాట శాఖ పెట్టిన శిక్షణలో చెప్పగానే కాలనీ గుండె జారింది. అక్కడ పట్టా ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. శాఖ ఇంజనీరు, ఏఈ పురుషోత్తం నచ్చజెప్పాడు.

"ఇది రాతల నేల. రాతల్ల అందరికీ నేల ఉంటది."

జనం చప్పట్లు కొట్టారు.

శనివారం సాయంత్రం అయిదింటి దాకా గడువు. అప్పటికి సర్క్యూట్ నడవని ఇంటిని కరెంటు అక్కరలేని ఇల్లుగా రాసుకుంటారు. మళ్లీ అడగడానికి వీల్లేదు.

కొమురమ్మకు కాలనీ మూల మీద మిరపకాయలు కారం పట్టే గిర్ని ఉంది. ఒకప్పుడు బీడీల కార్ఖానాలో సమ్మె చేయించింది, కార్ఖానా ఆమెను బయటికి పంపించింది, అప్పుడు పెట్టుకున్న గిర్ని. ఆమె బడికి పోలేదు. గోడల మీది నినాదాలు చూసి చదువు నేర్చుకుంది. అందుకేనేమో, రాస్తే సూటిగా రాస్తుంది. మొదటి వరుసలోనే కరెంటు పుట్టే చోటు పెట్టింది: వి1 1 0 230. దాని కింద గిర్ని మోటారు, దాని కింద బల్బు, చివర ముగింపు గుర్తు. మీట నొక్కింది.

తెర మీద జవాబు వచ్చింది: తప్పులు లేవు. వోల్టేజి సున్నా.

230ని 500 చేసింది. సున్నా. బల్బు తీసేసి మోటారు ఒక్కటే ఉంచింది. సున్నా. శనివారం మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకొచ్చింది. జనం తెచ్చిపెట్టిన మిరప బస్తాలు గిర్నిలో గోడవారగా ఉన్నాయి. తడిగాలి తగిలితే మెత్తబడతాయి. పక్కింట్లో బుచ్చిలింగం ఫ్యాను కింద కాళ్లు చాపుకుని పడుకున్నాడు. కొమురమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏం రాసినవ్ అన్నా?"

"ఏమున్నదక్కా, అందరు రాసిందే. పైన ఒక దండం పెట్టిన."

తెర చూసింది. మొదటి వరుసలో ఇలా ఉంది: మహారాజశ్రీ గౌరవనీయులైన ఏఈ గారి పాదపద్మములకు బుచ్చిలింగం శతకోటి నమస్కారములు. ఆ తర్వాతే వి, ఆర్, సున్నా. కాలనీలో ప్రతి తెర మీదా ఇదే వరస. పుట్టినప్పటి నుంచి దరఖాస్తులు రాసిన చేతులవి. దండం లేకుండా కాగితం మొదలుపెట్టడం వాటికి రాదు. దండం పెట్టిన ప్రతి ఇంట్లో దీపం వెలిగింది. పెట్టనిది గిర్ని ఒక్కటే.

"నువ్వు గూడ ఒకటి పెట్టరాదక్కా. నీదేం పోతది?"

"నడుము పోతది."

గిర్నికి వచ్చి తెర ముందు నిలబడింది. వేళ్లు వాటంతటవే "గౌర" అని కొట్టాయి. వాటిని తిట్టి, చెరిపేసి, సబ్‌స్టేషన్ దారి పట్టింది.

"మీకు మొక్కితేనే కరెంటా సార్? అదే మాట కాగితం మీద రాసియ్యిన్రి, నేను పోత."

పురుషోత్తం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకెవరు మొక్కిన్రమ్మా?"

"కాలనీ అంత మొక్కింది. మొదటి వరుసల."

"అయ్యో, మొదటి వరుస యంత్రం సదవదు. అది సర్క్యూట్‌కు పెట్టుకునే పేరు. ఏం రాసినా ఇడిసిపెట్టి, రెండో వరుస నుంచి లెక్క కడతది."

"మరి మీరు సదువుతరా?"

"యంత్రమే సదవంది మేమేం సదువుతం?" మళ్లీ అతనే అడిగాడు. "అంతమంది మొక్కిన్రా? నాకొక్కలు గూడ చెప్పలే."

కొమురమ్మ అప్పటికే రోడ్డెక్కింది. కరెంటు పుట్టే చోటును తీసుకుపోయి ఎవరూ చదవని వరుసలో పెట్టుకుంది తను. దాన్ని ఒక మెట్టు కిందికి దించాలి, అంతే. గిర్నికి వచ్చి దించింది. పైన వరుస ఖాళీ అయింది. ఏమైనా రాయొచ్చు. ఆమెకు చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. నవ్వుకుంటూ రాసింది: తీగలు ఎత్తుకపోయిన దొంగలారా, మా తీగలు మాకియ్యిన్రి.

అయిదు కావస్తుండగా మీట నొక్కింది. గిర్ని తిరిగింది. మిరప ఘాటుకు కాలనీ అంతా తుమ్మి, తుమ్ముతూనే నవ్వింది.

సంగతి తెలిశాక దండాలన్నీ ఎగిరిపోయాయి. బుచ్చిలింగం తలుపు వేసుకుని "ఏఈకి బుద్ధి లేదు" అని రాసి, ఫ్యాను వంక చూశాడు. అది మామూలుగానే తిరిగింది. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. తర్వాత కాలనీకి రోజూ పండగే. పొద్దున్నే ఎవరు ఏం తిట్టారో ఒకరి తెర ఒకరు చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. తమ పరిధిలో ఎవరి నోరూ మూయించలేదని శాఖ గర్వంగా ప్రకటించుకుంది. అందులో అబద్ధం లేదు.

ఒకరోజు పురుషోత్తమే మిరపకాయల సంచితో గిర్నికొచ్చాడు. తెర మీద మొదటి వరుస ఇలా ఉంది: పురుషోత్తం సారూ, మా తీగలు ఎవరికి అమ్మినవ్?

తీరిగ్గా చదివాడు.

"పేరు బాగున్నదమ్మా. రోజూ మారుస్తవా?"

"రోజూ మారుస్త."

"మార్చు. వద్దనేటోళ్లు లేరు." సంచి అందించాడు. "జర మెత్తగ పట్టు."

మెత్తగానే పట్టింది.

మర్నాడు బస్తాలు ఎక్కువొచ్చాయి. జనం వరసగా నిలబడి ఉన్నారు. కొమురమ్మ తెర ముందు కాసేపు ఆలోచించింది. కొత్తగా ఏమీ తోచలేదు. నిన్నటి వరుసే ఉంచి మీట నొక్కింది. గిర్ని తిరిగింది. తీగల సంగతి ఇవాళ్టికీ ఆ మొదటి వరుసలో చెక్కు చెదరకుండా ఉంది.